కుటాయిసి – త్స్కాల్టుబో ఒక్కరోజు గైడెడ్ టూర్: గోదావరి జిల్లాల వాళ్ళకి పనికొచ్చే రివ్యూ

జార్జియా పేరు చెబితే కోనసీమలో, భీమవరం వైపు రెండు రకాల ఇళ్ళవాళ్ళు చెవి ఒగ్గుతారు. పిల్లల్ని అక్కడ ఎంబీబీఎస్‌లో చేర్పించినవాళ్ళు కొందరు. కువైట్‌లోనో ఖతర్‌లోనో దుబాయ్‌లోనో ఉద్యోగం చేస్తూ నాలుగు రోజుల సెలవుకి చల్లటి దేశం వెతుక్కునేవాళ్ళు ఇంకొందరు. అందరూ టిబిలిసిలో దిగి, మంచుకొండ చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. కుటాయిసిలో పిల్లలున్నవాళ్ళు, ఒక రోజు చేతిలో మిగిలినవాళ్ళు మాత్రం ఈ టూరు కొంటారు: పొద్దున్న కుటాయిసి నగరం, తర్వాత పక్కనే త్స్కాల్టుబోలో సోవియట్ కాలంలో కట్టి వదిలేసిన శానిటోరియంలు, అంటే కార్మికులు వైద్యస్నానాలకి వచ్చి బసచేసిన పెద్ద భవనాలు. కారు, డ్రైవరు, గైడు, ఒక్కోసారి భోజనం కూడా కలిపి అమ్ముతారు.

తీర్పు ముందే చెప్పేస్తాం. నగరం సగానికి అయిదుకి రెండున్నర, త్స్కాల్టుబో సగానికి నాలుగున్నర. నగరం ఎవరికివారు తిరగొచ్చు, గైడు అక్కర్లేదు. త్స్కాల్టుబోలో గైడు లేకపోతే సగం భవనాల గేటు దగ్గరే ఆగిపోతారు, మిగతా సగంలో కాలు ఎక్కడ పెట్టాలో తెలీదు. టూరు అమ్మేవాళ్ళు టైము పంచేది మాత్రం దీనికి సరిగ్గా తలకిందులుగా: నగరానికి అయిదు గంటలు, త్స్కాల్టుబోకి రెండు. డబ్బిచ్చే ముందు ఆ లెక్క మార్పించుకోవాలి. ఈ రివ్యూ రాసింది అందుకే.

కుటాయిసి జార్జియాలో మూడో పెద్ద ఊరు. పెద్ద అన్నామని రాజమండ్రిని ఊహించుకోకండి, జనాభా లక్షన్నర లోపే. రియోని నది ఊరి మధ్యలోంచి పారుతుంది. నడిబొడ్డున కోల్చిస్ ఫౌంటెన్ ఉంది. ఆ ప్రాంతంలో తవ్వకాల్లో దొరికిన పురాతన బంగారు నగల బొమ్మల్ని పెద్దవి చేసి 2011లో దాని మీద నిలబెట్టారు. అక్కణ్ణుంచి తెల్ల వంతెన నడిచి దాటొచ్చు, 1961లో కట్టిన కేబుల్ కారెక్కి నది అవతల గుట్ట మీద పార్కుకి వెళ్ళొచ్చు, గ్రీన్ బజార్‌లో ఓ అరగంట తిరగొచ్చు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి, నడక దూరం. దీనికోసం గైడుకి గంటల లెక్కన డబ్బు కట్టడం దండగ. పిల్లలు అక్కడే చదువుతుంటే వాళ్ళే చూపించేస్తారు.

బజారు మాత్రం పొద్దున్నే చూడాలి. మధ్యాహ్నం దాటితే సగం బల్లలు ఖాళీ. జున్ను, ఎండు పళ్ళు, మసాలా పొడులు, అక్రోటు దండలు ఇక్కడే కొనుక్కోండి. దండ అంటే చుర్చ్‌ఖేలా: అక్రోటు గింజల్ని దారానికి గుచ్చి, పిండి కలిపి కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు. మెత్తగా వంగేది తాజాది. గట్టిగా పుల్లలా ఉంటే పాతది. ఇంటికి తీసుకెళ్ళేట్టయితే మరీ మెత్తటిది వద్దు, మన ఉక్కపోతకి తొందరగా బూజు పడుతుంది.

బగ్రాతి కెథెడ్రల్ గుట్ట మీద ఉంటుంది. కట్టడం 1003 నాటికి పూర్తయింది. 1692లో ఒట్టోమన్ సేనలు పేల్చేశాయి. మూడు వందల ఏళ్ళు పైకప్పు లేకుండా నిలబడి, 1994లో యునెస్కో జాబితాకెక్కింది. తర్వాత 2012 కల్లా దాన్ని మళ్ళీ పూర్తిగా కట్టేశారు, కొన్నిచోట్ల ఉక్కు, గాజు కూడా వాడారు. పాత కట్టడం తన అసలు రూపం కోల్పోయిందని యునెస్కో 2017లో దాన్ని జాబితాలోంచి తీసేసింది. గైడు ఈ సంగతి చెబుతాడో లేదో గమనించండి. "వెయ్యేళ్ళ చర్చి, యునెస్కో" అని దాటేసే గైడు త్స్కాల్టుబోలో కూడా అలాగే దాటేస్తాడు. సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య అక్కడికి వెళ్తే ఊరంతా కింద కనిపిస్తుంది, ఎండ కూడా తగ్గుతుంది.

గెలాతి మఠం ఊరికి 11 కిలోమీటర్ల దూరం. 1106లో దావీద్ రాజు స్థాపించాడు. జార్జియావాళ్ళు ఆయన్ని నిర్మాత అని పిలుచుకుంటారు. పాత ద్వారం కింద ఆయన సమాధి రాయి ఉంది, వచ్చేపోయేవాళ్ళు దాని మీంచే నడవాలని ఆయనే కోరాడంటారు. లోపల పన్నెండో శతాబ్దపు మొజాయిక్, గోడల నిండా చిత్రాలు. ఇక్కడ ఒక ఇబ్బంది. పైకప్పు పెంకులు మార్చాక నీరు లోపలికి దిగి చిత్రాలు పాడవుతున్నాయని 2020 నుంచి గొడవ నడిచింది, మరమ్మతుల కోసం పరంజాలు వేశారు. టూరు బ్రోచర్‌లో ఫొటో పరంజా లేనప్పటిది. ఆ వారంలో లోపల ఎంత కనిపిస్తోందో అడిగి, దాన్నిబట్టి గెలాతికి గంట ఇవ్వాలా అరగంట ఇవ్వాలా అన్నది తేల్చుకోండి. ఆడవాళ్ళు తల మీద కప్పుకోవాలి, చున్నీ చాలు. మగవాళ్ళకి నిక్కర్లు పనికిరావు.

నగరం గురించి ఇంతే. అసలు సరుకు త్స్కాల్టుబో.

కుటాయిసికి వాయవ్యంగా పది కిలోమీటర్ల లోపే. కారులో ఇరవై నిమిషాలు. అక్కడ నేలలోంచి వచ్చే నీరు సహజంగానే 33 నుంచి 35 డిగ్రీల వేడి ఉంటుంది, అందులో స్వల్పంగా రేడాన్ వాయువు కలిసి ఉంటుంది. నీటిని కాచక్కర్లేదు, చల్లార్చక్కర్లేదు, నేరుగా తొట్టెలోకి పంపొచ్చు. ఈ ఒక్క సౌకర్యం మీదే ఊరంతా లేచింది. 1931లో సోవియట్ ప్రభుత్వం దీన్ని ఆరోగ్యకేంద్రంగా ప్రకటించింది. మధ్యలో పార్కు, పార్కులో తొమ్మిది స్నానశాలలు, చుట్టూ గుండ్రటి రోడ్డు, ఆ రోడ్డు వెంట గుట్టల వాలు మీద పార్కువైపు తిరిగి ఇరవై దాకా శానిటోరియంలు. ఈ నక్షా బుర్రలో పెట్టుకుంటే ఊళ్ళో ఎక్కడా దారి తప్పరు: స్నానం లోపలి వలయంలో, బస బయటి వలయంలో.

ఇవి క్షయ ఆసుపత్రుల్లాంటివి కావు. కార్మిక సంఘం ద్వారా పుత్యోవ్కా అనే చీటీ దొరికితే వచ్చి, సాధారణంగా 24 రోజులు ఉండి, డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం స్నానాలు చేసి వెళ్ళేవారు. ఏ శాఖ భవనం ఆ శాఖదే. మెటలుర్గ్ అంటే లోహ పరిశ్రమ వాళ్ళది, షఖ్త్యోర్ అంటే గని కార్మికులది, రైల్వే వాళ్ళకి వేరే, సైన్యానికి వేరే. మాస్కో నుంచి నేరుగా రైళ్ళు నడిచేవి. కార్మికుడికి రాజభవనం అన్నది ఆ కాలపు విధానం, అందుకే గుమ్మం దగ్గర కొరింథియన్ స్తంభాలు, లోపల షాండ్లియర్లు, నాటకశాల, పాలరాతి మెట్లు. 1955 నవంబరులో క్రుష్చేవ్ ప్రభుత్వం భవనాల్లో అనవసరపు అలంకారాలు మానాలని ఉత్తర్వు తెచ్చింది. ఆ తర్వాత మొదలుపెట్టినవి క్రమంగా చదునైన కాంక్రీటు డబ్బాలయ్యాయి. గుట్ట మీద నిలబడి చూస్తే ఏది ముందుదో ఏది తర్వాతదో మీరే చెప్పేయొచ్చు. ఈ తేడా చూపించే గైడు దొరికితే టూరు సగం గిట్టుబాటు అయినట్టే.

1991లో సోవియట్ యూనియన్ పోయింది, చీటీలు పోయాయి, జనం రావడం మానేశారు. కానీ భవనాలు అప్పుడే పాడుబడలేదు. అసలు అవి చాలాకాలం ఖాళీగానే లేవు. 1992–93లో, జార్జియా నుంచి విడిపోతామన్న అబ్ఖాజియా ప్రాంతంలో జరిగిన యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా జార్జియన్లు ఇళ్ళు వదిలి వచ్చేశారు. వేలమందిని తెచ్చి ఈ శానిటోరియం గదుల్లో పెట్టారు. తుపానొస్తే ఊరి బళ్ళో నాలుగు రాత్రులు తలదాచుకోవడం మన లంక గ్రామాల వాళ్ళకి తెలిసిందే. వీళ్ళకి ఆ నాలుగు రాత్రులు ఇరవై, ముప్పై ఏళ్ళయ్యాయి. బాల్కనీలకి రేకులు కొట్టి వంటగదులు చేసుకున్నారు, వరండాల్లో పొయ్యి గొట్టాలు బయటికి పెట్టుకున్నారు. గోడల మీద నల్లటి పొగ మరకలు, పూలకాగితం ముక్కలు, చేతితో రాసిన గది నంబర్లు కనిపిస్తే అవి సోవియట్ కాలానివి కావు, వీళ్ళవి. చాలామందికి ప్రభుత్వం తర్వాత కొత్త ఫ్లాట్లిచ్చింది. కొన్ని భవనాల్లో ఈమధ్య దాకా కొన్ని కుటుంబాలు ఉన్నాయి. బట్టలు ఆరేసి ఉన్న వరండాలోకి వెళ్ళడం, తలుపు తోయడం, పిల్లల్ని ఫొటో తీయడం చెయ్యకండి. దీని గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా "దెయ్యాల హోటల్" అని నవ్వించే గైడులు ఉన్నారు. అలాంటివాళ్ళకి మా లెక్కలో సున్నా.

ఇప్పుడున్న పెద్ద చిక్కు ఇంకొకటి. 2022లో జార్జియా ప్రభుత్వం ఈ భవనాల్ని వేలానికి పెట్టడం మొదలుపెట్టింది. కొన్నవాళ్ళు కంచె వేస్తారు, కాపలా పెడతారు, పని మొదలుపెడతారు. అందుకని రెండు మూడేళ్ళ కిందటి వీడియో చూసి "ఈ మెట్ల మీద ఫొటో కావాలి" అని వెళ్తే గేటు దగ్గరే ఆపేయొచ్చు. ఏ భవనం ఏ నెలలో తెరిచి ఉంటుందో ఇంటర్నెట్లో తెలీదు, వారంలో రెండు మూడుసార్లు అక్కడికి వెళ్ళే గైడుకే తెలుస్తుంది. కాపలా ఉన్నచోట అయిదో పదో లారి అడుగుతారు (లారి అంటే మన ముప్పై రూపాయల పైమాట). టికెట్టు ఉండదు, రసీదు ఉండదు. కాపలా ఉండేది ఎక్కువగా పెద్దవాళ్ళు, జార్జియన్ గానీ రష్యన్ గానీ తప్ప మాట్లాడరు. గైడు ఉంటే రెండు మాటల్లో అయిపోతుంది. లేకపోతే మన పిల్లల ఇంగ్లీషు అక్కడ పనిచేయదు. వద్దంటే మాత్రం వద్దనే. వెనకవైపు గోడ దూకిస్తానన్న గైడుని అక్కడే ఆపండి. పరాయి దేశంలో, అదీ పిల్లాడు స్టూడెంట్ వీసా మీద ఉన్నప్పుడు, ప్రైవేటు ఆస్తిలోకి చొరబడ్డారన్న కేసు ఎవరికి కావాలి?

చూడాల్సినవి, మా వరసలో.

ముందు స్నానశాల నంబర్ 6. 1950లో కట్టారు. ముందువైపు పైన పొడవాటి శిల్ప ఫలకం ఉంది, అందులో జనం మధ్య స్టాలిన్ నిలబడి ఉంటాడు. బహిరంగ భవనం మీద స్టాలిన్ బొమ్మ ఇంకా మిగిలిన అతికొద్ది చోట్లలో ఇదొకటి, ఆయన పుట్టింది కూడా ఈ దేశంలోనే, టిబిలిసి దారిలో గోరి ఊళ్ళో. లోపల స్టాలిన్ కోసం ప్రత్యేకించిన స్నానపు గది ఉంది, మొజాయిక్ పరిచిన చిన్న కొలను. ఎంత గొప్పగా ఊహించుకున్నా చూసేసరికి ఇంతేనా అనిపిస్తుంది. ఇది పాడుబడ్డది కాదు, బాగుచేసి నడుపుతున్న స్నానశాల. తెరిచి ఉంటుందా, గది చూపిస్తారా అని ముందురోజే గైడు చేత ఫోను చేయించండి.

తర్వాత పార్కులోనే స్నానశాల నంబర్ 8. ఫొటోల కోసం వచ్చేవాళ్ళకి ఇదే ముఖ్యం. గుండ్రటి కాంక్రీటు భవనం, పైకప్పు మధ్యలో పెద్ద రంధ్రం, చుట్టూ వలయాకారంలో తొట్టెలు. పైనుంచి వెలుగు బాగా దిగేది పన్నెండు, రెండు మధ్య. మూడు దాటాక వెళ్తే మసక. వాన పడితే ఆ రంధ్రంలోంచి నీరు నేరుగా లోపలికే, నేలంతా పాకుడు. జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక శానిటోరియంలు. ఇవేరియాలో లోపల గుండ్రటి హాలు, దాని చుట్టూ అంతస్తుల వారీగా వలయాల్లా వరండాలు. కింద మధ్యలో నిలబడి పైకి చూస్తే చాలు, పై అంతస్తులకి వెళ్ళి కిందికి తొంగి చూడాల్సిన పనిలేదు. చాలా చోట్ల ఇనుప కమ్మీలు కోసుకుపోయారు. మెదేయాకి అందమంతా బయటే ఉంది. విశాలమైన మెట్లు, స్తంభాల వరస, పెళ్ళి ఫొటోలకి స్థానికులు వచ్చేది ఇక్కడికే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని మెట్ల కింద కూర్చోబెట్టినా బోలెడంత కనిపిస్తుంది. మెటలుర్గ్‌లో షాండ్లియర్ ఉన్న హాలు, చిన్న నాటకశాల పేరుపడ్డాయి. లోపలికి వెళ్ళనిస్తేనే. షఖ్త్యోర్ చాలా పెద్దది, టైము మిగిలితే చూడండి. సైన్యం వాళ్ళ పాత శానిటోరియంని బాగుచేసి హోటల్‌గా నడుపుతున్నారు. పది నిమిషాలు దాని ముందు ఆగితే మిగతావి ఒకప్పుడు ఎలా ఉండేవో కళ్ళకి కడుతుంది. టూర్లలో దీన్ని కలపరు. అడిగి కలిపించుకోండి, ఖర్చేమీ లేదు.

ఒక్కో భవనానికి ముప్పై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. నాలుగు భవనాలు, రెండు స్నానశాలలు అంటే భోజనం కాకుండా నాలుగు గంటలు. రెండు గంటల్లో చూపిస్తామంటే కారు దిగడం, ఫొటో, కారెక్కడం, అంతే.

లోపల నడిచేటప్పుడు జరిగే ప్రమాదాలు దాదాపు అన్నీ నాలుగు రకాలే, నాలుగింటికీ కారణం ఒకటే. వదిలేసిన ఏళ్ళలో ఇనుము, రాగి, చెక్క ఏది అమ్ముడుపోతే అది ఊడదీశారు. లిఫ్టు తలుపులు పోయాయి, గుంత మాత్రం మిగిలింది. చీకటి వరండాలో తలుపు లేని గుమ్మం కనబడితే టార్చి కిందికి వేయకుండా అడుగు పెట్టకూడదు. చెక్క నేల తీసేసినచోట కింద దూలాలు మాత్రమే ఉంటాయి, తీయనిచోట చెక్క కుళ్ళి ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ గది మధ్యలోంచి కాకుండా గోడ వారగా నడవాలి, దూలం గోడలోకి దిగినచోట బలం ఎక్కువ. మెట్లకి కమ్మీలుండవు. బాల్కనీలు అసలు వద్దు: లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. సముద్రపుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు పాత డాబాలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడ ఉప్పుగాలి పని, ఇక్కడ వాన పని. నల్లసముద్రం నుంచి వచ్చే తేమగాలి వల్ల పశ్చిమ జార్జియాలో ఏడాది పొడవునా వానలే, పైకప్పు ఒకసారి కారడం మొదలయ్యాక గోడల్లో అత్తి మొక్కలు మొలవడానికి ఎంతోకాలం పట్టలేదు.

అందుకని మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులు, శాండిల్స్ వద్దే వద్దు. గాజుపెంకులు, మేకులు ఎక్కడపడితే అక్కడ. నిండు ప్యాంటు. ఫోను ఫ్లాష్ చాలదు, విడిగా టార్చి కావాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి మాస్కు తప్పనిసరి, బూజు, పావురాల రెట్టల ధూళి ఉంటుంది. గొడుగు బదులు రెయిన్‌కోటు తెచ్చుకోండి, మెట్ల మీద చేతులు ఖాళీగా ఉండాలి. చీరకట్టుతో మెదేయా, పార్కు, నంబర్ 6 దాకా సరే, ఇవేరియా లోపలికి వద్దు. చిల్లర నోట్లు జేబులో ఉంచుకోండి. పాడుబడ్డ భవనాల్లో బాత్‌రూములు ఉండవు, పార్కు దగ్గర కాఫీ షాపులోనో స్నానశాలలోనో పని ముగించుకుని బయల్దేరాలి. వీధికుక్కలు చాలా ఉంటాయి. చెవికి రంగు బిళ్ళ ఉన్నవి టీకాలు వేసినవి, సాధారణంగా ఏమీ చేయవు, వెంట వస్తాయంతే.

స్నానం సంగతి. టూరులో అది ఎక్కువగా విడి ఖర్చు. వేణ్ణీళ్ళనుకుని వెళ్తే నిరాశే. 33–35 డిగ్రీలంటే ఒంటి వేడి కన్నా తక్కువ, గోరువెచ్చ అంతే. సబ్బు వాడకూడదు. పది పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుని, లేచి ఒంటికి తువ్వాలు అద్దుకుని, కాసేపు పడుకోవాలి. భోజనం చేసిన వెంటనే వద్దు. గర్భిణులు, గుండెజబ్బులున్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా దిగొద్దు. రేడాన్ రేడియోధార్మిక వాయువు, 3.8 రోజులకి సగం తరిగిపోతుంది, పైగా నీరు నిలవుంటే గాల్లోకి పోతుంది. అందుకే ఈ స్నానశాలల్లో నీటిని నిలవ చెయ్యరు, ఊట దగ్గర్నుంచి ఒకవైపు వస్తూ ఇంకోవైపు పోతూనే ఉంటుంది. అమ్మమ్మ మోకాళ్ళకని సీసాలో పట్టుకెళ్దామనుకునేవాళ్ళు ఆ సీసాలో పచ్చడి పెట్టుకోవచ్చు. ఒక్కసారి దిగితే నొప్పులు తగ్గవని అక్కడి డాక్టర్లే చెబుతారు. రోజుల తరబడి చేస్తేనే దాన్ని చికిత్స అంటారు. టూరులో చేసేది సరదా స్నానం మాత్రమే.

భోజనం గురించి మనవాళ్ళకి ఉండే భయం అక్కర్లేదు. జార్జియా వంటలో కొత్తిమీర, వెల్లుల్లి, అక్రోటు, ఒకరకం మెంతి ధారాళంగా వాడతారు. శాకాహారులకి లోబియో (మట్టికుండలో ఉడికించిన రాజ్మా), దానితో మ్చాది అనే మొక్కజొన్న రొట్టె, వంకాయ ముక్కల్లో అక్రోటు ముద్ద పెట్టి చుట్టిన బద్రిజాని, వంకాయ టమాటా మిరప కలిపిన అజప్సందాలి, పాలకూర అక్రోటు కలిపి చేసిన ప్ఖాలి ఉంటాయి. ఇమెరేతి ఖచాపురి ఈ జిల్లాదే, లోపల జున్ను పెట్టిన గుండ్రటి రొట్టె. ఇద్దరికి ఒకటి చాలు, మనిషికొకటి చెప్పి సగం వదిలేయకండి. కారం కావాలంటే అజికా అడగండి, పులుపు కావాలంటే త్కెమాలి, అది పుల్లటి ప్లమ్ పండ్ల పచ్చడి. హింకాలి అంటే లోపల కూరిక పెట్టి ఉడికించే పిండి ముద్దలు, వాటిలో మామూలుగా పంది, గొడ్డు మాంసం కలిసి ఉంటుంది. తినని వాళ్ళు పుట్టగొడుగులది అని విడిగా చెప్పి తెప్పించుకోవాలి. లోబియో, ఖచాపురి అప్పటికప్పుడు చెబితే ముప్పై నలభై నిమిషాలు పోతాయి. గైడు చేత పొద్దున్నే ఫోనులో ఆర్డరు పెట్టిస్తే త్స్కాల్టుబో టైము మిగులుతుంది. అన్నం మాత్రం దొరకదు. సాయంత్రానికి తిరిగొచ్చాక మన పిల్లల హాస్టలే దిక్కు.

టైము ఇలా పంచుకుంటే బావుంటుంది. తొమ్మిదింటికి గ్రీన్ బజార్, అరగంట. పదికల్లా త్స్కాల్టుబో: నంబర్ 6, దగ్గర్లో ఒక శానిటోరియం, పదకొండున్నరకి ఇవేరియా. పన్నెండున్నర ప్రాంతాల నంబర్ 8. ఒంటిగంటన్నరకి భోజనం. మెదేయా, ఇంకోటి చూసుకుని నాలుగున్నరకి బయల్దేరితే అయిదు ప్రాంతాల బగ్రాతి. గెలాతి కూడా కావాలంటే శానిటోరియం ఒకటి తగ్గించుకోవాలి, రెండూ కుదరవు. శీతాకాలంలో ఇంకా తొందరపడాలి, ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, ఈ భవనాల్లో కరెంటు లేదు. ఏప్రిల్, మే, అక్టోబరు అన్నిటికన్నా హాయి. జులై, ఆగస్టులో ఉక్కపోత మన పాలకొల్లుని తలపిస్తుంది, దానికోసం అంతదూరం పోనక్కర్లేదు.

ప్రోమితియస్ గుహని కూడా ఇదే రోజులో కలుపుతామని చాలామంది అమ్ముతారు. గుహ త్స్కాల్టుబో పక్కనే ఉంది, నిజంగానే గొప్పది. 1984లో కనుక్కున్నారు, 2011 నుంచి జనాన్ని వదులుతున్నారు. కానీ లోపల 1.4 కిలోమీటర్ల నడక, వందల మెట్లు, 14 డిగ్రీల చలి, బయట బ్యాచీల కోసం ఎదురుచూపు. అన్నీ కలిపి రెండున్నర గంటలు పోతాయి. నీటిమట్టం పెరిగితే గుహలోని పడవ షికారు ఆపేస్తారు. సోమవారం మూసేస్తారు. గుహ కలిపిన టూరులో తెగ్గోసేది శానిటోరియంల టైమే. పెద్దవాళ్ళు వెంట ఉంటే గుహ ఇంకో రోజుకి పెట్టుకోండి.

ఖర్చు విషయంలో ఒక్క మాట. ఈ టూర్లలో కొన్ని మనిషికింత అని, కొన్ని కారుకింత అని చెబుతాయి. నలుగురుంటే కారు లెక్కే లాభం, ఇద్దరయితే గ్రూపు టూరు. "డ్రైవర్-గైడ్" అని రాసి ఉంటే చాలాసార్లు అతను డ్రైవరే, కారు దిగడు. ఇంగ్లీషులో మాట్లాడే గైడు మీతోపాటు భవనం లోపలికి వస్తాడా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఇంకా అడగాల్సినవి: ఈ వారం లోపలికి వెళ్ళనిస్తున్న శానిటోరియంలు ఏవి, కాపలావాళ్ళకిచ్చేది ధరలో ఉందా, నంబర్ 6 తెరిచి ఉందా, వాన పడితే ఏం చూపిస్తారు. మొదటి ప్రశ్నకి భవనాల పేర్లతో జవాబొస్తే నమ్మొచ్చు. "అన్నీ తెరిచే ఉంటాయండి" అన్నవాళ్ళని వదిలేయండి.

టిబిలిసి నుంచి ఒక్కరోజులో వెళ్ళి రావడం మేం సిఫారసు చేయం. దూరం 230 కిలోమీటర్లు, రోడ్డు మీద పోనూ రానూ ఏడెనిమిది గంటలు. ఆ టూర్లలో త్స్కాల్టుబోకి దక్కేది గంటన్నర. ముందురోజు సాయంత్రానికి కుటాయిసి చేరి రాత్రి అక్కడే ఉంటే ఖర్చు దాదాపు అంతే అవుతుంది, పొద్దున్న తొమ్మిదికల్లా పని మొదలవుతుంది. గల్ఫ్ రెసిడెన్సీ ఉన్నవాళ్ళకి వీసా లేకుండా రానిచ్చే వెసులుబాటు ఉంది గానీ దాని షరతులు మారుతుంటాయి, టికెట్టు కొనేముందు చూసుకోండి. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగు, ఇన్సూరెన్సు, ఈ టూరు రసీదు ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఫోనులో వెతుక్కుంటూ నిలబడకూడదు.

పూర్తి టూరు అక్కర్లేదనుకుంటే చవక దారి కూడా ఉంది. కుటాయిసిలో ఎర్ర వంతెన దగ్గర్నుంచి 30వ నంబరు మార్ష్రుట్కా (షేరింగ్ మినీబస్సు) త్స్కాల్టుబోకి వెళ్తుంది, టికెట్టు రెండు లారి అటూఇటూ. బోల్ట్ యాప్‌లో కారు పిలిచినా తక్కువే. అక్కడ దిగి, గైడుని నాలుగు గంటలకి మాత్రం మాట్లాడుకుంటే నగరానికి కట్టే డబ్బు మిగులుతుంది. నడక అయిదు కిలోమీటర్ల దాకా ఉంటుంది, గుట్ట ఎక్కడాలు దిగడాలు కలిపి. కాళ్ళు బావున్నవాళ్ళకి ఇదే మంచిది. అత్తగారినీ మావగారినీ తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం కారున్న టూరే తీసుకోండి.